ఎలుగుబంటి కథలు: నమ్మదగినవెన్ని?

మామిడితోపులకు కావలి పండుకొను దినములు వచ్చినచో మన పల్లెలలో ఎలుగుబంటి కథలకు కొదువ యుండదు. రచ్చబండపై ఒకరు ఆరంభించిన కథను మఱియొకరు అందుకొందురు. ఎలుగు మనుష్యునివలె రెండు కాళ్లపై తిరుగుననియు, స్త్రీలను గుహలోనికి ఎత్తుకొనిపోవుననియు, కొండ దిగువకు పరుగెత్తలేదనియు, దాని వెండ్రుకను తాయెత్తులో కట్టిన బిడ్డకు భయము సోకదనియు చెప్పుదురు. మేమును బాల్యమున ఈ కథలు విని కంబళిలో తల దాచుకొన్నవారమే. కథ కథగా నున్నంతవరకు దానితో మాకు వైరము లేదు. కాని తోపులో ఒంటరిగా నున్నవాడు ఆ కథనే నమ్ముకొని ప్రాణము కాచుకొనజూచినప్పుడు, అందులో గింజ యెంతయో పొల్లు ఎంతయో చెరిగి చూడక తప్పదు.

మదనపల్లె సమీపమున హార్స్‌లీ కొండల అడవిలోను, 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యములోను ఎలుగులు కలవు. మన శ్రీనివాసపురము, ముళబాగిలు తాలూకాలకు అవి ఎంతో దూరము కావు. రెండు రాష్ట్రముల నడుమ నాటిన సరిహద్దురాళ్లను ఎలుగులు చదువలేవు. కావున ఈ విచారణ కేవలము ప్రొద్దుపుచ్చుటకు కాదు.

మొదట అడుగుజాడల మాట. ఎలుగు వెనుకకాలి జాడ మనుష్యుని పాదమును పోలియుండును. ఒక్కొకప్పుడు అది ముందుకాలు మోపిన చోటనే వెనుకకాలును మోపును. అప్పుడు రెండు జాడలు కలసి ఒక మహాపాదమువలె కనబడును. మంచుపై పడిన జాడ ఎండకు కరగి మఱింత విస్తరించును. 1951లో ఎరిక్ షిప్టన్ అను పర్వతారోహకుడు హిమాలయములందు అట్టి జాడను ఛాయాచిత్రము తీయగా, లోకమంతయు 'యతి' యను మంచుమనిషిని గూర్చి మాటలాడ నారంభించెను. 2019 ఏప్రిలులో మన సైన్యమువారు సైతము మకాలూ శిబిరము చెంత 32 అంగుళముల పొడవు, 15 అంగుళముల వెడల్పు గల జాడలను చూచితిమని ప్రకటించిరి. కాని 2017లోనే షార్లెట్ లిండ్‌క్విస్ట్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు యతివని భద్రపరచిన ఎముక, చర్మము, వెండ్రుకల వంటి తొమ్మిది నమూనాలను జన్యుపరీక్ష చేసియుండిరి. వానిలో ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది.

అమెరికావారికిని ఇట్టి పెద్దపాదము ఒకటి కలదు. దానిని వారు 'బిగ్‌ఫుట్' అందురు. ఆ పేరు ప్రసిద్ధికెక్కినది 1958లో. కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ అనుచోట బాటవేయు కూలీలకు పదునారంగుళముల జాడలు కనబడెను. నాలుగు దశాబ్దములకు పైగా గడచినపిదప, 2002లో, అచట పని చేయించిన కంట్రాక్టరు రే వాలెస్ మరణించగా, అవి ఆయన కొయ్యపాదములతో వేసిన జాడలేయని కుటుంబమువారు వెల్లడించిరి. ఆ పాదములను చూపిరి కూడ. జాడను చూచినవారు అబద్ధమాడలేదు. జాడ యుండెను, పాదమే వేఱు. కన్ను చూచినదానికిని మనస్సు ఊహించినదానికిని గల ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలయును. తక్కిన కథలన్నిటికిని ఇదియే తూనిక.

ఇక స్త్రీలను ఎత్తుకొనిపోవు కథ. ఇది మన గుట్టలకే చెందినదని తలంచుట పొరపాటు. 1924లో తన్నొక బిగ్‌ఫుట్ కుటుంబము ఎత్తుకొనిపోయి దినములతరబడి నిర్బంధించినదని కెనడాలో ఆల్బర్ట్ ఆస్ట్‌మన్ అనువాడు 1957లో చెప్పెను. మన పూర్వపు మైసూరు సీమలోనే, అరసికెరె ప్రాంతమున పన్నెండుగురిని చంపి, ఇరువదిమందికి పైగా గాయపరచిన ఎలుగు నొకదానిని వేటకాడు కెన్నెత్ ఆండర్సన్ కూల్చి, ఆ వృత్తాంతమును 1957లో గ్రంథస్థము చేసెను. అది ఒక కన్యను చెఱపట్టినదనియు, ఆమెను గ్రామస్థులు విడిపింపగా పగబట్టినదనియు అచటివారు చెప్పుకొనిరి. పిల్లలను పోగొట్టుకొన్న తల్లి యెలుగు అని మఱికొందఱు అనిరి. ఆండర్సన్ మాత్రము అది ఎవరిచేతనో గాయపడి మనుష్యులపై తిరుగబడినదని తలంచెను. మూడింటిలో ఇదియే మాకు సమంజసముగా తోచుచున్నది. ఎలుగు చెదలు, చీమలు, తేనె, పండ్లు తిని బ్రతుకు ఒంటరి మృగము. దానికి మనుష్యస్త్రీతో పనిలేదు. పగబట్టిన నాగుపాము కథవలెనే ఇదియు మన గుణములను మృగమునకు అంటగట్టిన కథ. ఇట్టి కథ వలన ఒక కీడు గూడ కలదు. కనబడని స్త్రీ ఏమైనదని వెదకవలసిన ఊరు, ఎలుగు పేరు చెప్పి ఊరకుండుటకు అది దారి చూపును.

అట్లని ఎలుగు సామాన్యమైన జంతువని మా యభిప్రాయము కాదు. దాని నిజస్వభావము కథలకంటె వింతయైనది. పై దవడలో ముందరి రెండు పండ్లు దానికి లేవు. ముక్కుపుటములు మూసికొని, పెదవులు గొట్టమువలె చాచి, పుట్టలోని చెదలను ఊదుచు పీల్చును. రాత్రి నిశ్శబ్దములో ఆ చప్పుడు నూరు గజములకు ఆవల వినబడును. తోపులో దయ్యము ఊపిరి పీల్చుచున్నదని అదరిపడినవారు విన్నది ఇదియే కావచ్చును. పిల్లలను తల్లి తన వీపుపై మోయును. సంజచీకటిలో దానిని చూచినవానికి రెండు తలల మృగము కనబడిన వింత యేమున్నది? వాసన పట్టుటకు అది వెనుకకాళ్లపై నిలుచుటయు నిజమే. కాని మనవలె నడచుచు దూరములు పోదు. పండితులును దీనిని చూచి మోసపోయిరి. 1791లో జార్జి షా అను ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు దాని పొడవైన గోళ్లు చూచి, చెట్లకు వ్రేలాడు 'స్లాత్' అను వేఱు జంతువుల కోవలో చేర్చెను. ఆ తప్పు దిద్దబడినను, ఆంగ్లమున దానికి ఆ పేరే నిలిచినది. గొప్ప చదువరులకే పొరపాటు కలిగినప్పుడు పల్లెవారిని పరిహసించుటకు ఎవరికిని అధికారము లేదు.

మమ్ము కలవరపెట్టునవి వేఱు రెండు కలవు. ఎలుగు కొండ దిగువకు పరుగెత్తలేదను మాట శుద్ధ అబద్ధము. ఎగువకైనను దిగువకైనను అది మనుష్యునికంటె వేగముగా పరుగెత్తగలదు. చెట్టెక్కినచో తప్పించుకొనవచ్చుననుటయు అంతే. తేనెపట్టుకై చెట్టెక్కు మృగమునకు మన చెట్టు ఎక్కరానిదా? రెండవది, చచ్చినట్లు పడియుండిన అది వాసన చూచి విడిచిపోవునను బడిపుస్తకపు కథ. ఇందు సగము నిజమున్నది. ఎలుగు మీద పడినపిదప బోరగిల పండుకొని, మెడను తలను చేతులతో కప్పుకొనుమని తెలిసినవారు చెప్పుచున్నారు. ఏలయన దాని పంజా దెబ్బలు ఎక్కువగా ముఖముపైనను తలపైనను తగులును. కాని దూరముగా నున్న ఎలుగు ఎదుట ఊపిరి బిగబట్టి పండుకొనుట తెలివి కాదు. దానివైపు చూచుచునే మెల్లగా వెనుకకు తొలగవలెను. అది తినుటకు మనపై పడదు. చేరువలో హఠాత్తుగా మనుష్యుడు కనబడినచో బెదరి పడును. కావున గుట్టదారిన పోవువారు ఇద్దరు ముగ్గురు కలసి, మాటలాడుచు, చీకటిలో దీపము పట్టుకొని పోవుట వేయి తాయెత్తుల పెట్టు.

తాయెత్తుల మాట వచ్చినది గనుక దానిని గూడ చెప్పెదము. ఎలుగు వెండ్రుకకు గిరాకియున్నంతకాలము దాని ప్రాణమునకు వెల కట్టువాడుండును. తల్లిని చంపి పిల్లను పట్టి, ముక్కు కుట్టి త్రాడు దూర్చి వీధుల వెంట ఆడించిన దృశ్యము మనలో పెద్దలెల్లరు చూచినదే. బిడ్డలను దానిపై ఎక్కించి కాసులిచ్చినవారము మనమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎలుగును కాపాడవలసిన మృగములలో చేర్చినను, ఆ ఆటకు ముగింపు కలిగినది 2009లోనే. త్రాళ్లు విప్పబడిన ఎలుగులు అనేకము బెంగుళూరు చెంత బన్నేరుఘట్ట కేంద్రమున ఆశ్రయము పొందినవి. బిడ్డ భయమును పోగొట్టునది తల్లి ఒడి. చచ్చిన మృగపు వెండ్రుక కాదు.

"పెద్దలు చెప్పినది కాదందురా? జాంబవంతుని మాట యేమి?" అని కొందఱు అడుగవచ్చును. వాల్మీకి ఆశ్రమమని, లవకుశుల జన్మస్థలమని పేరొందిన ఆవని కొండకు మ్రొక్కు ప్రాంతమువారము మనము. జాంబవంతుడు మనకు పూజ్యుడే. పురాణమున ఆయన స్థానము ఆయనది. తోపు గట్టున ఎదురుపడు ఎలుగు స్వభావము దానిది. పెద్దల అనుభవమును మేము త్రోసిపుచ్చుట లేదు. వారు కంటితో చూచినదానిని గౌరవింతము. చెవినుండి చెవికి పెరిగినదానిని తూచి తీసికొందము.

కడపట మా సంఘమువారికి ఒక విన్నపము. కన్నడము మన రాష్ట్రభాష. పిల్లలు దానిని చక్కగా చదువుచున్నారు. కాని తెలుగు తప్ప అన్యము చదువనేరని వృద్ధులు ఇండ్లలో నున్నారు, తోపులకు కావలి పోవువారును వారే. కావున ఎలుగు కనబడినప్పుడు చేయవలసినవి, చేయరానివి రెండు భాషలలోను ముద్రించి పంచవలయునని అటవీశాఖవారిని మన సంఘము కోరవలయును. ఆ కాగితము వచ్చువరకు వేచియుండక, తెలుగు ప్రతిని మనమే సిద్ధము చేసి గుట్టల చెంత పల్లెలలో చదివి వినిపింపవచ్చును. రచ్చబండపై కథలు సాగుచునే యుండనిండు. కథ ముగిసిన పిదప, ఇంటికి లేచు ముందు, నిజమును గూడ ఒక మాట చెప్పి లేతము.