తడిగాలితో ప్లాస్మా కోతా?



చవక ప్లాస్మా కట్టర్ కొన్నవాళ్ళు చాలామంది నెల తిరక్కుండానే ‘చైనా సరుకు ఇంతే’ అని దాన్ని మూలన పడేస్తున్నారు. ఆ నింద అన్యాయం. మన కృష్ణా డెల్టాలో ఆ మిషన్ని ఎక్కువగా చెడగొడుతున్నది మనం దానికి పంపే తడిగాలి.

తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర గార్లు 2021లో ఇనుప తుక్కుతో 14 అడుగుల మోదీ విగ్రహం చేసి చూపించారు. అలాంటివి చూసి ఆటోనగర్‌లో పాత బానెట్లు, డోరు రేకులు ఏరుకొచ్చి నెమళ్ళు, చేపలు కత్తిరించాలని సరదాపడే కుర్రాళ్ళు మా పటమటలోనే ఉన్నారు. అంత పల్చటి రేకు గ్యాస్ మంటకి వంకర్లు పోతుంది. గ్రైండర్ వంపులు తిరగదు. లేజర్ వాళ్ళకి చదునైన రేకు, కంప్యూటర్ బొమ్మ కావాలి. సుద్దముక్కతో గీసి చేత్తో కోసుకునేవాడికి సింగిల్ ఫేజ్ 40 ఆంపియర్ల ప్లాస్మా మిషనే సరైనది. 1 మి.మీ. రేకుకైతే అందులో 20, 25 ఆంపియర్లు పెట్టుకున్నా చాలు.

ఇక గాలి సంగతి. కంప్రెసర్లో నొక్కుకుపోయిన గాలి వేడెక్కి, చల్లారాక అందులోని ఆవిరి నీరవుతుంది. వానాకాలంలో ట్యాంకు అడుగున డ్రెయిన్ విప్పి చూడండి, తుప్పునీళ్ళు కారతాయి. ఆ తడే గాలితోపాటు కట్టర్ టార్చిలోకి పోతుంది. కొత్త ఎలక్ట్రోడ్ కొనలో, రాగి మధ్యన ఆవగింజంత వెండిరంగు చుక్క ఉంటుంది. అది హాఫ్నియం, ఆర్క్ పుట్టేది దాని మీదే. తడి తగిలితే ఆ చుక్క త్వరగా గుంట పడుతుంది, నాజిల్ బెజ్జం కోలగా సాగుతుంది, కోత ఓ పక్కకి వాలుతుంది, రేకు అడుగున స్లాగ్ గడ్డకడుతుంది. అప్పుడు తిట్లు తినేది మిషన్!

నీళ్ళ ఫిల్టర్ పెట్టామంటారు కొందరు. పెట్టింది ఎక్కడ? కంప్రెసర్ మూతి దగ్గర. అక్కడ గాలి ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి ఆవిరి ఫిల్టర్ని దాటి వెళ్ళిపోతుంది. ఐదారు మీటర్ల పైపు తిప్పి, గాలి చల్లారాక, కట్టర్ దగ్గర పెట్టాలి. దాని తర్వాత సిలికా జెల్ డబ్బా ఉంటే మరీ మంచిది. ప్రెషర్ కూడా టార్చి నొక్కి గాలి పోతుండగా చూడాలి, ఊరికే ఉన్నప్పుడు కాదు.

ప్రాణం సంగతీ చెప్పాలి. జింకు పూత రేకు పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది; మూసిన గదిలో కోయొద్దు. పెట్రోలు ట్యాంకులు, నూనె డ్రమ్ములు ఖాళీవైనా ముట్టుకోవద్దు. టార్చిలో 200 వోల్టుల పైమాటే కాబట్టి తడినేల మీద ఒట్టికాళ్ళతో నిలబడొద్దు. నల్లద్దాలు తప్పనిసరి.

ఫిల్టర్ విడిగా కొనాలనీ, ఎక్కడ బిగించాలనీ కట్టర్ అమ్మేవాళ్ళు కొనేముందే చెప్పాలి. మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఆదివారం పూట వర్క్‌షాపు తెరిచి ఈ కుర్రాళ్ళకి ఒక్క పూట పాఠం చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఓ పాఠకుడు, పటమట, విజయవాడ