బడి కంప్యూటరులో బిడ్డకొక సొంత ఫోల్డరు

నాచారము పారిశ్రామికవాడలో పనిచేయువారి బిడ్డలలో ననేకులకు ఇంట కంప్యూటరు లేదు. బడిలోనిదే వారికి దిక్కు. ఆ బడి కంప్యూటరులన్నిటిలో 'స్టూడెంటు' అను నొకే పేరును, అందరెరిగిన యొకే పాస్‌వర్డును ఉంచు వాడుక పలుచోట్ల గలదు. ఇది విడువదగినదని నా యభిప్రాయము. సోమవారము ఎనిమిదవ తరగతి బాలిక వ్రాసిన వ్యాసము గురువారమునకు కానరాదు. ఎవరు తుడిచిరో చెప్పుట కెవరికిని వీలుపడదు. ఇక పెన్‌డ్రైవు కొనుమని ఆమె తండ్రిని వేధించును; ఆ పెన్‌డ్రైవులతో వైరసు బడియంతయు తిరుగుట వేరే కథ.

దీనికి మందు క్రొత్తది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. యందు 1983లో ఆరంభమైన అథీనా ప్రణాళికలో, విద్యార్థి ఏ యంత్రమునొద్ద కూర్చున్నను తన ఫైళ్లే తన కెదురుపడునట్లు చేసిరి. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు ఎన్.ఎఫ్.ఎస్. అను పద్ధతిని వెలువరించిరి. నేడు లినక్సునందలి ఆటోఎఫ్ఎస్ తోడైనచో ఈ పని ఉచితముగా జరుగును. పిల్లల ఫోల్డరులన్నియు ఒక్క సర్వరులో నుండును. బాలుడు తన పేరుతో లోనికి రాగానే వాని ఫోల్డరు మాత్రమే ఆ యంత్రమునకు తగులుకొనును. కొంతసేపు దాని జోలికి ఎవరును పోకున్న తనంతట విడిపోవును. 500 మంది పిల్లలకు 500 పంక్తులు వ్రాయనక్కరలేదు, నక్షత్రపు గుర్తుగల యొక్క పంక్తి చాలును.

ఇచ్చట నొక మెలకువ గలదు. ఎన్.ఎఫ్.ఎస్. సాధారణముగా మనుష్యుని పేరు చూడదు, సంఖ్యను చూచును. ఒక యంత్రమున 1005 రాముడై, ప్రక్క యంత్రమున 1005 మేరీయైనచో, రాముని ఫైళ్లు మేరీవగును. కావున హాజరుపట్టీవలె పేర్లను, సంఖ్యలను ఒక్కచోటనే యుంచి, యంత్రములన్నిటికి నచ్చటనుండియే యందింపవలెను. ఇంతమాత్రము చేయలేనివారు దీనిని మొదలుపెట్టకుండుటయే మేలు. ఇతరుల సంఖ్యతో చొరబడు నేర్పరులు పై తరగతులలో నెప్పుడును నుందురు. వారికొరకు అథీనావారే కల్పించిన కెర్బెరోస్ అను కావలి గలదు.

సర్వరు చెడిన బడియంతయు నిలిచిపోవునని తోటి ఉపాధ్యాయులు కొందరందురు. నిజమే. అందుకే ప్రతిరాత్రియు మరియొక డిస్కునకు నకలు తీయవలెను. కాని నేడు 30 యంత్రములలో చెదరియున్న ఫైళ్లకు నకలు తీయుచున్న వారెవరు?

పాత కంప్యూటరులలో మంచిదానికి క్రొత్త డిస్కులు రెండమర్చినచో చిన్నబడికి సర్వరు కాగలదు. వేసవి సెలవులలో ఈ పని ముగించి, జూనులో బడి తెరచునాటికి ప్రతి బిడ్డకును తన పేరుతో నొక ఫోల్డరు సిద్ధపరుపవలసినదిగా ఉప్పలు, నాచారము బడుల యాజమాన్యములను కోరుచున్నాను.