బేటీకి క్లచ్ కూడా నేర్పండి

ఇంటి మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే కలువాయిలో కారు వాకిట్లోనే ఉండిపోతుంది. ఖుదా న ఖాస్తా, రాత్రిపూట అమ్మీ తబియత్ చెడితే నెల్లూరు వెళ్లడానికి డ్రైవర్ కోసం వెతకాలి. ఎందుకీ మజ్బూరీ?

18 నిండిన బేటీకి లెర్నర్ లైసెన్స్ తీయించండి. 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లొచ్చు. అందాకా సబర్‌తో నేర్పండి. ఎడమ కాలు క్లచ్‌కే. కుడి కాలు బ్రేకుకు, యాక్సిలరేటర్‌కు. క్లచ్ మెల్లగా వదులుతుంటే బండి కాస్త వణుకుతుంది. అక్కడ కాలు నిలిపితే ఇంజిన్ ఆగదు. ఆగినా అరవకండి. అరుపులతో ఖౌఫ్ పెరుగుతుంది గానీ హునర్ రాదు.

సౌదీలోనే 2018 జూన్ నుంచి ఖవాతీన్ కారు నడుపుతున్నారు. ఇక్కడ లోగ్ ఏమంటారోనని మనమెందుకు ఆగాలి?