పిల్లల నోట్లోనే ఖవాయిద్ ఉంది



మన అమ్రాబాద్, అచ్చంపేట వైపు ముసల్మాన్ ఇళ్లలో ఒక షికాయత్ తరచుగా వింటుంటాను. పిల్లలకు ఉర్దూ రాదట, మాట్లాడేది కూడా గలత్ ఉర్దూ అట. ఈ మాటతో నాకు ఇఖ్తెలాఫ్ ఉంది. మన పిల్లలు మాట్లాడేది దక్కనీ. దానికీ పక్కా ఖవాయిద్, అంటే వ్యాకరణం, ఉంది. దాన్ని మెట్టు చేసుకుంటే కితాబీ ఉర్దూ వస్తుంది. దాన్ని మజాక్ చేస్తే బచ్చా నోరు మూసుకుంటాడు, ఇక ఏ ఉర్దూ రాదు.

పోలికలతో మొదలుపెడదాం. తెలుగులో "అమ్రాబాద్ కన్నా అచ్చంపేట పెద్దది" అంటాం. ఉర్దూలో "అమ్రాబాద్ సే అచ్చంపేట్ బడా హై". "కన్నా" ఉన్నచోట "సే" వచ్చింది, అంతే. పెద్ద పెద్దగానే ఉంది, బడా బడాగానే ఉంది. "అన్నిటికన్నా పెద్దది" అంటే "సబ్ సే బడా". తెలుగు వచ్చిన బిడ్డకు ఇందులో కొత్తగా నేర్వాల్సింది ఒక్క ముక్కే. ఫార్సీ నుంచి వచ్చిన దారి ఇంకొకటి ఉంది: బెహతర్, బెహతరీన్, కమ్‌తర్, కమ్‌తరీన్. "తర్" అంటే ఇంకా, "తరీన్" అంటే అన్నిటికన్నా.

అరబీ దారి మన పేర్లలోనే ఉంది. కబీర్ అంటే పెద్ద, అక్బర్ అంటే అందరికన్నా పెద్ద. సగీర్ చిన్న, అస్గర్ ఇంకా చిన్న. కరీం నుంచి అక్రమ్, షరీఫ్ నుంచి అష్రఫ్, అజీం నుంచి ఆజం. రోజుకు ఐదుసార్లు అజాన్‌లో "అల్లాహు అక్బర్" వింటున్న బిడ్డ ఈ ఖాయిదా వింటూనే ఉన్నాడు. ఇదీ ఒక ఖాయిదా అని చెప్పేవాళ్లే లేరు.

ఇక క్రియలు, జమానాలు. ఇక్కడ తెలుగు కొంచెం అడ్డం వస్తుంది. "రోజూ వస్తా", "రేపు వస్తా": రెండింటికీ మనకు ఒకటే "వస్తా". ఉర్దూలో అవి వేరు: "రోజ్ ఆతా హూఁ", "కల్ ఆవూంగా". దీనికి ఉల్టా ఇంకొకటి ఉంది. తెలుగులో నిన్న వేరు, రేపు వేరు. ఉర్దూలో రెండూ "కల్". అది ఏ కల్లో క్రియ చెప్పాలి: "కల్ ఆయా" అంటే నిన్న, "కల్ ఆవూంగా" అంటే రేపు. తెలుగు ఒకచోట విడదీసింది, ఉర్దూ ఇంకోచోట విడదీసింది. ఈ తేడా ఒక్కసారి చూపిస్తే పిల్లలు నవ్వుతూ పట్టేస్తారు. చూపించకుండా తప్పని కొడితే భయమే మిగులుతుంది.

అందరూ ఎక్కువ ఎగతాళి చేసేది "నే" దగ్గర. కితాబీ ఉర్దూలో "లడ్కే నే రోటీ ఖాయీ". రోటీ స్త్రీలింగం కాబట్టి "ఖాయీ". మన ఇళ్లలో "లడ్కా రోటీ ఖాయా" అంటాం. తెలుగులో "పిల్లగాడు రొట్టె తిన్నడు" అన్నట్టే, తిన్నవాడిని బట్టి క్రియ నడుస్తుంది. "వస్తానని చెప్పిండు" అనేది మన నోట్లో "ఆతౌఁ బోల్కే బోలా" అవుతుంది. తెలుగు "అని" చేసే పనంతా "బోల్కే" చేస్తోంది. తరతరాలు పక్కపక్కనే బతికిన రెండు జుబాన్లు ఒకదాని నుంచి ఒకటి తీసుకున్న సొమ్ము ఇది. "బాతాఁ", "లోగాఁ" అనే బహువచనాలు పాత దక్కనీ షాయరీలోనూ ఉన్నాయి. గోల్కొండను ఏలిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1612లో పోయాడు. ఆయన రాసింది దక్కనీలో. ముల్లా వజ్హీ "సబ్‌రస్" 1635 నాటిది, అదీ దక్కనీయే. బాద్‌షా రాసిన జుబాన్‌కు మనం షర్మిందా కావడం ఎందుకు?

షర్మిందగీ ఒక జుబాన్‌ను ఎక్కడిదాకా తీసుకుపోతుందో చూడాలంటే మాంక్స్ కథ చాలు. ఇంగ్లండ్‌కూ ఐర్లండ్‌కూ మధ్య సముద్రంలో ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న ద్వీపం ఉంది. ఈ జుబాన్‌తో బతుకు గడవదని అక్కడి అమ్మానాన్నలు పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడారు. పుట్టుకతో మాంక్స్ వచ్చిన ఆఖరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో చనిపోయాడు. కానీ అప్పటికే కొందరు ఆ ముసలివాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, మాటలు రికార్డు చేశారు. 2001లో మాంక్స్ మాధ్యమంలో బడి తెరిచారు. 2009లో యునెస్కో ఆ భాష అంతరించిందని రాస్తే, ఆ బడి పిల్లలు మాంక్స్‌లోనే జవాబు రాశారు, మరి ఇది ఏ భాష అని. యునెస్కో మాట మార్చుకుంది.

ఆ వ్యాకరణం మనకు అనుకున్నంత దూరం కాదు. మాంక్స్‌లో భూతకాలానికి తరచుగా "చేసిన" అనే ఒక్క క్రియను ముందు పెట్టి, పని పేరును పక్కన పెడితే చాలు. మనం "ఇంతెజార్ చేసిన, ఫికర్ చేసిన, ఫోన్ చేసిన" అన్నట్టే. ఒక్క "చేయు" కాలాలన్నీ వస్తే సగం భాష చేతికి వచ్చినట్టే.

పరీక్షలో, ఖత్‌లో, జల్సాలో కితాబీ ఉర్దూ కావాలి కదా అంటారు. కావాలి. "నే" తప్పకుండా నేర్పాలి. అయితే రెండో ఖాయిదాగా నేర్పండి, మొదటిదాన్ని తిట్టకుండా. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలకు కూడా ఇదే మాట: తెలుగుతో ఎవరి ఈమాన్ తగ్గదు. అక్కడ "కన్నా" నుంచి "సే"కు పోవాలి, అంతే. 2017లో మన రాష్ట్రమంతటా ఉర్దూకు రెండో అధికార భాష హోదా వచ్చింది. ఆ హోదా దఫ్తర్లలో పనికొస్తుంది. ఇంట్లో బచ్చా నోటికి ఇజ్జత్ ఇవ్వాల్సింది మాత్రం మనమే.

అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్ ఒకటే. మగ్రిబ్ తర్వాత పావుగంట తీయండి. మూడు పోలికలు, ఒక్క క్రియకు మూడు కాలాలు. తెలుగులో, దక్కనీలో, కితాబీ ఉర్దూలో మూడు వరుసల్లో రాయించండి: చెప్పిన, చెప్తున్న, చెప్త; బోలా, బోల్‌రౌఁ, బోలూంగా; మైఁనే బోలా, మైఁ బోల్ రహా హూఁ, మైఁ బోలూంగా. నానీ, దాదీ ఉంటే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టండి, వాళ్ల దగ్గర ఉన్న మాటలు ఏ కితాబ్‌లోనూ దొరకవు. రేపు మన పిల్లలు మూడు జుబాన్లలో తల ఎత్తుకుని మాట్లాడాలి, ఇన్షా అల్లాహ్.