గడ్డపెరుగు కొని తెచ్చుకోవలసిన వస్తువా?

పెరుగు లేని భోజనాన్ని తెలుగువారు భోజనంగా లెక్కించరు. పప్పు, కూర, పచ్చడి, పులుసు ఎన్ని వడ్డించినా, చివర పెరుగన్నం తిన్న తరువాతనే విస్తరి ముందు నుండి లేవడం మన అలవాటు. అటువంటి మన ఇళ్లలోనికి ఇటీవలి సంవత్సరాలలో మరొక రకం పెరుగు ప్రవేశించింది. మామిడి, స్ట్రాబెర్రీ, వెనిల్లా రుచులతో చిన్న ప్లాస్టిక్ కప్పులలో లభించే చిక్కని పెరుగు అది. పాడికీ పంటకూ పేరుపడిన కోనసీమలో, మా కొత్తపేట బజారులో సైతం ఇప్పుడది దొరుకుతున్నది. పిల్లలు అడుగుతున్నారు, పాల పదార్థమే కదా అని తల్లులు కొనిపెడుతున్నారు.

చిక్కని పెరుగుకు నేను వ్యతిరేకిని కాను. తీపి పెరుగుకూ వ్యతిరేకిని కాను. ఆ రెండింటినీ ఇంట చేసుకోగలిగిన మనం, వాటిని కొనితెచ్చుకోవలసిన వస్తువులుగా భావించడమే నాకు సమ్మతం కాదు. ఇందులో డబ్బు సంగతి చిన్నది. బిడ్డ నాలుకకు ఏ రుచి అలవాటవుతున్నదనేదే పెద్ద సంగతి. కప్పు పెరుగుకు అలవాటుపడిన పిల్లలు ఇంటి పెరుగును పులుపని పక్కకు నెట్టడం నేను పలు ఇళ్లలో చూస్తున్నాను.

కప్పు మీద ముద్రించిన వివరాలను గృహిణులు ఒకసారి శ్రద్ధగా చదవాలి. ఇటువంటి కప్పులలో చాలావాటిలో 100 గ్రాములకు చక్కెర 10 గ్రాములకు మించి ఉంటుంది. అందులో 4, 5 గ్రాములు పాలలో సహజంగా ఉండేవి; మిగిలినది కలిపిన చక్కెర. కలిపిన చక్కెర వంటివి రోజు మొత్తం ఆహారశక్తిలో పదోవంతుకు లోపల ఉండాలనీ, ఇరవయ్యో వంతుకు, అంటే పెద్దవారికి సుమారు 25 గ్రాములకు, తగ్గించగలిగితే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. పిల్లలకు ఆ పరిమితి ఇంకా తక్కువ. కొన్ని రకాలలో చిక్కదనం కోసం పిండిపదార్థాన్నో, జెలటిన్‌నో కలుపుతారు. తోడుకున్న తరువాత మళ్లీ వేడిచేసి నిలువ ఉంచే రకాలలో మేలుచేసే సూక్ష్మజీవులు నశించిపోతాయి. పాలు పడనివారిలో కూడా చాలామందికి పెరుగు పడటానికి కారణం సజీవంగా ఉండే ఆ సూక్ష్మజీవులే.

శాస్త్రం మెచ్చిన పెరుగు

చిక్కని, పరిమళభరితమైన పెరుగు విదేశాల నుండి వచ్చిన కొత్త వంటకమని కొందరి భావన. అది సరికాదు. పదహారవ శతాబ్దపు భావప్రకాశం పెరుగును మంద, స్వాదు, స్వాద్వమ్ల, అమ్ల, అత్యమ్లమని ఐదు విధాలుగా విభజించింది. సరిగా తోడుకోని మందమైన పెరుగును దోషకారిగా పేర్కొని, చక్కగా గట్టిపడి పులుపు తేలని తియ్యని పెరుగును ప్రశంసించింది. వస్త్రంలో వడకట్టిన పెరుగు వాతాన్ని హరిస్తుందనీ, అయితే కఫాన్ని పెంచే గురుద్రవ్యమనీ చెప్పింది. నీరు తీసిన గేదె పెరుగులో పంచదార, పాలు, ఏలకులు, లవంగాలు, మిరియాలు, పచ్చకర్పూరం చేర్చి చేసే రసాల అనే వంటకాన్ని కూడా వర్ణించింది. దానిని భీమసేనుడు చేశాడని సంప్రదాయం. నేడు మహారాష్ట్ర, గుజరాత్ ప్రాంతాలలో చేసే శ్రీఖండం ఆ కోవలోనిదే.

గడ్డకట్టడంలోని కిటుకు

ఒకప్పుడు మన పల్లె ఇళ్ల పెరళ్లలో దాలి ఉండేది. గుంటలో పిడకల నిప్పు వేసి, దానిపై పాలకుండ ఉంచితే, పాలు పొంగకుండా గంటల తరబడి కాగి, లేత ఎరుపు రంగుకు తిరిగి, మందంగా మీగడ కట్టేవి. ఆ పాలతో తోడుపెట్టిన పెరుగు చిక్కగా ఉండటానికి రెండు కారణాలున్నాయి. నీరు ఆవిరై పాలు చిక్కబడటం ఒకటి. ఎక్కువసేపు వేడి తగిలినప్పుడు పాలలో కరిగి ఉన్న కొన్ని మాంసకృత్తులు విచ్చుకొని, కేసీన్ అనే ప్రధాన మాంసకృత్తిని అంటిపెట్టుకోవడం రెండవది. అందువలన పెరుగు గట్టిగా కట్టి, నీరు వదలడం తగ్గుతుంది. పొంగు రాగానే దించివేసిన పాలకు ఈ గుణం అంతగా రాదు.

దాలి లేకపోయినా గ్యాస్ పొయ్యి మీద ఈ పని సాధించవచ్చు. అడుగు మందమైన గిన్నెలో లీటరు గేదె పాలు పోసి, పొంగు వచ్చిన తరువాత మంట బాగా తగ్గించి, అప్పుడప్పుడు కలుపుతూ ముప్పావు లీటరు అయ్యేవరకు కాచాలి. గేదె పాలలో వెన్న శాతం సాధారణంగా 6 నుండి 8 వరకు ఉంటుంది కనుక పెరుగు తేలికగా గట్టిపడుతుంది. ప్యాకెట్ పాలు వాడేవారు 6 శాతం వెన్న ఉన్నవి ఎంచుకోవడం మంచిది. 3 శాతం ఉండే టోన్డ్ పాలతో చేస్తే వడకట్టవలసి వస్తుంది.

కాగిన పాలను చిటికెనవేలు ఓర్చుకోగలిగినంత వెచ్చదనానికి, అంటే సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడుకు, చల్లారనివ్వాలి. పులియని తాజా పెరుగు ఒక చెంచాడు మెదిపి పాలలో బాగా కలిపి, మట్టిచట్టిలో పోసి మూతపెట్టి కదపకుండా ఉంచాలి. మన కోస్తా వేసవిలో నాలుగైదు గంటలలో, చలికాలంలో ఏడెనిమిది గంటలలో తోడుకుంటుంది. తోడు ఎక్కువ వేస్తే త్వరగా పులుస్తుందే తప్ప గట్టిపడదు. మట్టిచట్టి కొంత నీటిని పీల్చుకొని పెరుగును మరింత బిగిస్తుంది.

ఇంకా గట్టిగా కావాలంటే, తోడుకున్న పెరుగును శుభ్రమైన పలుచని నూలు గుడ్డలో మూటకట్టి, జల్లెడపై ఉంచి, కింద గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వడకట్టాలి. మన ఉక్కకు బయట వేలాడదీస్తే పులిసిపోతుంది. దిగిన తేటను పారబోయవద్దు. దానిలో లవణాలు, బి విటమిన్లు ఉంటాయి. చపాతీ పిండి తడపడానికీ, చారులోనికీ వాడుకోవచ్చు.

రుచి ఎప్పుడు చేర్చాలి?

పండు, బెల్లం, పరిమళ ద్రవ్యాలను తోడుపెట్టే ముందు పాలలో వేయరాదు. పండులోని పులుపు వలన పాలు విరిగే అవకాశం ఉంది. నీరు వలన పెరుగు పలుచబడుతుంది. గట్టిపడిన తరువాత, తినబోయే ముందు, తినేంత భాగానికే రుచి చేర్చాలి. అప్పుడు మిగిలిన పెరుగు మజ్జిగకూ, మరునాటి తోడుకూ పనికివస్తుంది. బంగినపల్లి గుజ్జు, ఏలకుల పొడితో పొడిబెల్లం, లేత కొబ్బరి తురుము, సన్నగా తరిగిన పనస తొనలు చక్కగా కలుస్తాయి. పచ్చి అనాస మాత్రం వద్దు. అందులోని బ్రొమెలైన్ పెరుగులోని మాంసకృత్తులను విరిచి చేదు పుట్టిస్తుంది.

ఇక అరటిపండు సంగతి. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే ఉన్న మాకు ఇది తప్పించుకోలేని ప్రశ్న. అరటిపండును మజ్జిగతోగాని, పెరుగుతోగాని కలిపి తినడం విరుద్ధాహారమని వాగ్భటుని అష్టాంగహృదయం చెబుతుంది. కోనసీమలో పెరుగన్నంలో అరటిపండు నంజుకొనేవారు ఎందరో! మరి శాస్త్రం తప్పా, ఆచారం తప్పా? చరకుడే దీనికి దారి చూపాడు. అలవాటుపడినవారికి, జఠరాగ్ని చురుకుగా ఉన్నవారికి, వ్యాయామం చేసేవారికి, కొద్దిగా మాత్రమే తినేవారికి విరుద్ధాహారం కీడు చేయదని ఆయన మాట. పొలం పని చేసి వచ్చినవాడు నంజుకునే పండు వేరు. జలుబుతో ఉన్న బిడ్డకు రాత్రిపూట పెరుగులో పండు చిలికి పెట్టడం వేరు. రెండవది మానుకోవాలని నా నిశ్చితాభిప్రాయం.

వడకట్టిన పెరుగు గురుద్రవ్యమన్న మాటను విస్మరించరాదు. రాత్రివేళ పెరుగు తినరాదని చరకసంహిత నిషేధించింది. వసంత, గ్రీష్మ, శరదృతువులలో అది సాధారణంగా హితం కాదని కూడా చెప్పింది. వేసవిలో గడ్డపెరుగు పగటిపూట రెండు మూడు చెంచాలకు పరిమితం చేసి, మిగిలినదానిని నీరు పోసి చిలికి మజ్జిగగా తాగడం ఉత్తమం. దగ్గు, ఉబ్బసం ఉన్నవారు, స్థూలకాయులు మితం పాటించాలి. మధుమేహ రోగులు బెల్లాన్ని పంచదారకు బదులుగా భావించి మోసపోకూడదు. వారికి రుచి కోసం ఏలకులు, వేయించిన జీలకర్ర చాలు. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె కలిపిన పెరుగు పెట్టరాదు.

ఉద్యోగాలు చేసుకునే ఇల్లాండ్రకు ఇంత తీరిక ఎక్కడిదని కొందరు ప్రశ్నించవచ్చు. రాత్రి వంట సాగుతుండగా పాలు పక్క పొయ్యి మీద కాగుతాయి. వంట చేసేవారు అప్పుడప్పుడు గరిట తిప్పితే చాలు. తోడుపెట్టడానికి రెండు నిమిషాలు, మూట కట్టడానికి మరో రెండు. మిగిలిన పనంతా సూక్ష్మజీవులు, కాలం చేసిపెడతాయి. ఈ పని ఇల్లాలిదే కానక్కరలేదు. ఇంట్లోని మగవారు, పదేళ్ల పిల్లలు కూడా తోడుపెట్టడం నేర్చుకోవచ్చు. తాను తోడుపెట్టిన పెరుగును పులుపని ఏ బిడ్డా పక్కకు నెట్టదు. తోడు లేకపోతే పక్కింటి నుండి చెంచాడు అడిగి తెచ్చుకోవడం మన వీధులలో నేటికీ నామోషీ కాదు. ఈ రాత్రే లీటరు పాలు సన్నని మంట మీద పెట్టి చూడండి.