పఫ్ దాచుకోవాల్సిన వస్తువా?

మొన్న ఏలూరులో ఓ పెళ్ళికి వెళ్ళాం. భోజనాల ముందు మావాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఎవరూ చూడకుండా విడిదింట్లో వెనక గదిలోకి తీసుకెళ్ళి సంచిలోంచి స్పేసర్ తీశాను. తలెత్తి చూస్తే మూలన ఇంకో తల్లి తన కూతురికి అదే పని చేస్తోంది. ఇద్దరం దొంగల్లా నవ్వుకున్నాం.

ఇంటికొచ్చాక ఆ నవ్వే నన్ను గుచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్న పిల్లని గదిలో దాస్తామా? మరి దీన్నెందుకు దాస్తున్నాం?

దాచుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. మాది పెదపాడు. బాబుకి ఏడేళ్ళు. రెండేళ్ళ క్రితం డాక్టరుగారు రెండు పఫ్‌లు రాశారు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు ఊపిరి గొట్టాలు తెరుచుకోవడానికి. రెండోది ఆ గొట్టాల్లో వాపు తగ్గడానికి. అది బాగున్న రోజున కూడా వాడాలి. "అలవాటైపోద్దమ్మా, మానిపించెయ్" అని బంధువొకావిడ చెవిలో చెప్పింది. పిల్లాడు బాగానే ఉన్నాడు కదా అని, డాక్టరుగారిని అడక్కుండా రోజూ వేసేది ఆపేశాను.

నెల తిరక్కుండా వరి కోతలయ్యాయి, చేలల్లో గడ్డి తగలబెట్టారు. ఆ రాత్రి వాడు "అమ్మా" అని ఆగాడు, "మంచి" అని ఆగాడు, "నీళ్ళు" అన్నాడు. మూడు మాటలకి మూడుసార్లు ఊపిరి అందలేదు. డొక్కలు లోపలికి పోతున్నాయి. వెంటనే వేసే పఫ్ వేసినా తగ్గలేదు. అర్ధరాత్రి ఏలూరు ఆసుపత్రికి పరిగెత్తాం. తెల్లారేసరికి వాడు తేలికపడ్డాడు గానీ, నా గుండె దడ చాలారోజులు తగ్గలేదు.

తర్వాత మందుల డబ్బాలు ముందేసుకుని ఓ లెక్క చూశాను. ఆయాసానికి ఇచ్చే సాల్బుటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్ల చెంచాలో 2 మిల్లీగ్రాముల మందుంది. అదే మందు ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములే. అంటే ఒక్క చెంచా 20 పఫ్‌లతో సమానం! పఫ్ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి కొంచెమే చాలు. చెంచాతో ధైర్యంగా పోసే మనం పఫ్‌ని చూసి భయపడుతున్నాం.

రోజూ వాడేదాంట్లో స్టెరాయిడ్ ఉంటుందని నేనూ బెదిరాను. అందులోనూ మోతాదు మైక్రోగ్రాముల్లోనే. వేశాక నోరు పుక్కిలించి ఉమ్మించాలి, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఎత్తు కొలిపించాలి. అంతేగానీ మనంతట మనం మానకూడదు.

మా అత్తయ్యగారు మృగశిర కార్తెకి హైదరాబాదు తీసుకెళ్ళి, నాంపల్లిలో బత్తినివారి చేప ప్రసాదం వేయిద్దామన్నారు. దాంతో ఉబ్బసం తగ్గుతుందని రుజువు లేదు. పైగా బతికున్న చేపని పిల్లాడి గొంతులో వేయించడానికి నాకు మనసొప్పలేదు. "కొల్లేటి పక్కనే ఉన్నాం అత్తయ్యగారూ, కార్తె రోజున కొర్రమేను పులుసు నేనే పెడతాను" అన్నాను. ఆవిడ నవ్వేశారు. ఇప్పుడు రాత్రి పఫ్ గుర్తుచేసేది ఆవిడే.

ఇంట్లో దోమల చక్రాలు మానేసి దోమతెర కట్టాం. సాంబ్రాణి పొగ మానేశాం. దిండు గలీబులు వారం వారం వేడినీళ్ళలో ఉతుకుతున్నాను. ఇవన్నీ పఫ్‌కి తోడే, బదులు కాదు.

మనం దాచిన కొద్దీ పిల్లలు అదేదో తప్పనుకుంటారు. రేపు బళ్ళో ఆయాసం వస్తే సిగ్గుపడి అడగరు. అసలు ప్రమాదం అక్కడుంది. అందుకే మావాడి టీచరుగారికి పఫ్ ఎలా వెయ్యాలో చూపించి వచ్చాను.

వచ్చే పెళ్ళిలో పందిట్లో కూర్చునే వేస్తాను. చూసినవాళ్ళు అడిగితే చెప్తాను. ఆ మూల గదిలోని తల్లి మీరే అయితే, ఈసారి వచ్చి నా పక్కన కూర్చోండి.