మోకాలికి సూది కాదు, తొడకు బలం కావాలి

కల్వకుర్తి బస్టాండులో పల్లెవెలుగు బస్సు ఎక్కే నడివయసు ఆడవాళ్లను కాసేపు గమనిస్తే చాలు, ఈ ప్రాంతపు మోకాళ్ల సంగతి తెలిసిపోతుంది. చేతిలోని సంచిని ముందుగా లోపలికి అందిస్తారు. రెండు చేతులా కమ్మీ పట్టుకుంటారు. నొప్పి లేని కాలు మెట్టు మీద పెట్టి, ఒంటిని చేతుల బలంతో పైకి గుంజుకుని, రెండో కాలిని వెనకాలే లాక్కుంటారు. సీట్లో కూలబడగానే అరచేతులు రెండూ మోకాలి చిప్పల మీదికి పోతాయి. పక్కన కూర్చున్నవాళ్లు పలకరిస్తే "ఏముందక్కా, గుజ్జు అరిగిందన్నరు" అనే జవాబు వస్తుంది. వయసు మీద పడింది, మోకాళ్లు పోయాయి, ఇక చేసేదేమీ లేదనే నమ్మకం ఆ జవాబు నిండా ఉంటుంది.

ఆ నమ్మకం తప్పు. ఈ మెట్ట ప్రాంతంలో మోకాళ్లు చెడిపోవడానికి వయసు ఒక్కటే కారణం కాదు. గొంతుకూర్చుని చేసే పని ఉంది, తాగిన నీళ్లున్నాయి, పెరిగిన ఒంటి బరువు ఉంది, బలం తగ్గిన తొడ ఉంది. వీటిలో చాలావాటికి విరుగుడు ఉంది. ఆ విరుగుడు ఇంజెక్షన్‌లో లేదు. దాన్ని నేర్పే మనిషి పల్లె జనానికి అందుబాటులో లేకపోవడమే అసలు లోపం.

నడకనే తీసుకుంటే, ప్రతి కాలూ ఒక అడుగు చక్రంలో దాదాపు 60 శాతం సేపు నేల మీద, 40 శాతం సేపు గాలిలో ఉంటుంది. మడమ నేలను తాకాక మోకాలు కొద్దిగా వంగుతుంది. నేల నుంచి వచ్చే దెబ్బను ఆ చిన్న వంపే మింగేస్తుంది. వంగిన మోకాలు అక్కడితో ఆగి, కుప్పకూలకుండా పట్టి ఉంచేది తొడ ముందు భాగంలోని నాలుగు పాయల కండరం, క్వాడ్రిసెప్స్. చదునైన నేల మీద మామూలుగా నడిచినా మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్లు. అరవై కిలోల మనిషి అడుగు తీసి అడుగు వేస్తే మోకాలు మోసేది నూటయాభై కిలోలు. మెట్లు దిగేటప్పుడు ఇది మూడు రెట్లు దాటుతుంది. ఆ భారంలో పెద్ద వాటా మోకాలి లోపలి పక్కకే పోతుంది. అరుగుదల ఎక్కువమందిలో అక్కడే మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ కాళ్లు బయటికి వంగిపోవడానికి కారణం ఇదే.

జనం గుజ్జు అని పిలిచేది ఎముకల చివరన ఉండే మృదులాస్థిని. దానికి సొంత రక్తనాళాలు లేవు. అడుగు పడ్డప్పుడు స్పాంజిలా నొక్కుకుని, కాలు లేచినప్పుడు కీలులోని ద్రవాన్ని పీల్చుకుని, ఆ ద్రవంతోనే బతుకుతుంది. అంటే దానికి తిండి పెట్టేది కదలికే. "గుజ్జు అరిగింది, ఇక నడవొద్దు" అని చెప్పడమంటే ఉన్న కాస్త గుజ్జునూ ఎండగట్టమని చెప్పడమే. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లను అమెరికాలో కొన్నేళ్ల పాటు గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామంగా నడిచేవారిలో కొత్తగా తరచూ మోకాలి నొప్పి రావడం, నడవనివారితో పోలిస్తే సుమారు 40 శాతం తక్కువగా కనిపించింది. నడక మోకాళ్లను అరగదీస్తుందన్న భయంతో మంచం పట్టినవాళ్లు ఈ సంగతి వినాలి.

తొడ కండరం విలువ ఏమిటో పల్లెల్లో పాతతరానికి పోలియో చూపించింది. ఆ జబ్బుతో తొడ బలం పోయిన మనిషి అడుగు వేసిన ప్రతిసారీ అరచేత్తో తొడను వెనక్కి నొక్కుకుంటూ నడిచేవాడు. మోకాలు ముందుకు మడతపడి పడిపోకుండా కండరం చేయాల్సిన పనిని చెయ్యి చేసేది. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో బయటపడింది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ దక్కింది. కల్వకుర్తికి ఈ విషయం కొత్తగా చెప్పనవసరం లేదు. ఏడాదిన్నర వయసులో పోలియో సోకి, ఊతకర్రల మీదే జీవితమంతా నడిచిన ఎస్. జైపాల్‌రెడ్డిని 1969 నుంచి 1984 దాకా అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం ఇది. సరైన ఊతం దొరికితే మనిషి ఎంత దూరం నడవగలడో ఈ ఊరికి తెలుసు.

ఇక నీళ్లు. కల్వకుర్తి నుంచి తూర్పుగా దేవరకొండ, మర్రిగూడ, నాంపల్లి దిక్కు పోతే బోరునీళ్లలోని ఫ్లోరైడే మోకాళ్లను వంచిన ఊళ్లు కనిపిస్తాయి. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్ధిఖీ రాసిన పరిశోధన పత్రం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇంకో కొత్త సంగతి లాన్సెట్‌లో రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు రెండూ లోపలికి ఒరిగి ఒకదానికొకటి తాకుతున్నాయి, పాదాలు దూరదూరంగా పడుతున్నాయి, ఎముకలు పలచబడుతున్నాయి. ఆ ప్రాంతపు జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువగా ఉండటం, దానివల్ల ఒంట్లోని రాగి బయటికి పోవడం కూడా ఇందులో పాత్ర వహించి ఉండొచ్చని అదే సంస్థ తర్వాత పరిశీలించింది. జొన్నరొట్టె మానెయ్యాలని దీనర్థం కాదు. ఫ్లోరైడ్ నీళ్లు, చాలీచాలని తిండి, ఎదిగే ఎముక ఒకచోట కలిస్తే ఏం జరుగుతుందో చెప్పిన పరిశోధన అది.

ఆ కాళ్ల గోడు ఢిల్లీకి చేరడానికి చాలాకాలం పట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, మంచినీళ్ల కోసం ఉద్యమించిన జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి వందలమంది పోటీకి దిగారు. చివరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన ఫ్లోరైడ్ బాధితుడు అంశల స్వామిని 2003లో ప్రధాని వాజ్‌పేయి ముందుకు తీసుకెళ్లి ఫ్లోరైడ్ అంటే ఇదీ అని చూపించారు. 2023 జనవరిలో స్వామి కన్నుమూశారు. ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో నదినీళ్లు వస్తున్నాయి, కొత్తగా పుట్టే పిల్లలకు ఆ ముప్పు తగ్గింది. ఇది చిన్న విజయం కాదు. అయితే నలభై, యాభై ఏళ్ల కింద బోరునీళ్లు తాగి పెరిగినవాళ్ల ఎముకలు మంచినీళ్లు తాగితే తిరిగి నిటారు కావు. వంకర తిరిగిన కాలు మీద బరువు ఒకే పక్కకు పడుతుంది, కీలు ముందే అరుగుతుంది. నీళ్ల సమస్య తీరిందని ప్రకటించిన ప్రభుత్వాలు ఈ మోకాళ్ల బాకీ ఇంకా తీర్చలేదు.

పని సంగతికొస్తే, కల్వకుర్తి ఉన్న ఉమ్మడి పాలమూరు అంటే దేశానికి మట్టిపని చేసిన జిల్లా. ఎన్నో ప్రాజెక్టుల కట్టల మీద తట్టలు మోసింది ఇక్కడి కూలీలే. ఊళ్లో ఉన్నవాళ్ల పనీ తక్కువేం కాదు. చెల్కల్లో గొంతుకూర్చుని కలుపు తియ్యాలి, ఒడి నిండా పత్తి ఏరాలి, శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోసే కల్వకుర్తి పథకం వచ్చాక వరి పెరిగిన ఊళ్లలో బురదలో వంగి నాట్లు వెయ్యాలి. ఇంటికొస్తే పొయ్యి, బాసాన్లు, బట్టలు, చివరికి మరుగుదొడ్డి, అన్నీ గొంతుకూర్చునే. చైనాలోని బీజింగ్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఈ విషయంలో మనకు అద్దం పడుతుంది. అక్కడి వృద్ధ మహిళలు అమెరికాలోని తమ వయసు తెల్లజాతి మహిళల కన్నా సన్నగా ఉన్నా, మోకాలి అరుగుదల వాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. పడుచు వయసులో రోజుకు గంటల తరబడి గొంతుకూర్చున్న అలవాటుకూ ఆ జబ్బుకూ సంబంధం ఉందని పరిశోధకులు తేల్చారు. మనదగ్గర ఐదు నగరాలు, వాటి చుట్టుపక్కల పల్లెల్లో జరిపి 2016లో ప్రచురించిన సర్వేలో 28.7 శాతం మందికి మోకాలి అరుగుదల ఉన్నట్టు తేలింది. కాసేపు గొంతుకూర్చుంటే మోకాలికి ముప్పేమీ లేదు. ఏళ్ల తరబడి, రోజంతా, మధ్యలో లేచి నిలబడే వీలు లేకుండా కూర్చోవడంతోనే చిక్కు.

కుర్రకారు మోకాళ్ల కథ వేరు. పోలీసు ఉద్యోగం కోసం ఒక్కసారిగా తారురోడ్డు మీద పరుగు మొదలుపెట్టినవాళ్లకు చిప్ప వెనకాల నొప్పి రావడం, కబడ్డీలో కాలు మెలిపడి లోపలి లిగమెంటు తెగడం మామూలు. మొదటిదానికి పరుగు దూరాన్ని మెల్లగా పెంచుతూ తొడకు, తుంటికి బలం తెచ్చుకుంటే చాలావరకు సరిపోతుంది. రెండోదాన్ని బెణుకే కదా అని కట్టు కట్టి వదిలేయకూడదు.

నొప్పి వచ్చాక చాలామంది ముందు పోయేది దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికో మెడికల్ షాపుకో. ఒక సూది, పొట్లం కట్టిన నాలుగు గోలీలు, మర్నాడు కూలికి పోవచ్చు. రోజు కూలి పోతే గడవని ఇంట్లో ఆ తొందరను ఎవరూ తప్పుబట్టలేరు. కానీ ఆ పొట్లంలో ఎక్కువగా ఉండేవి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, కొన్నిసార్లు స్టెరాయిడ్లు. ఎండలో చెమటోడ్చి, సరిగా నీళ్లు తాగని కూలీకి అలాంటి మాత్రలు నెలల తరబడి పడితే కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మోకాలిలోకే స్టెరాయిడ్ సూది వేస్తే నొప్పి కొన్ని వారాలు తగ్గేమాట నిజమే. రెండేళ్ల పాటు ప్రతి 12 వారాలకోసారి ఆ సూది వేసి చూసిన 2017 నాటి అమెరికన్ పరిశోధనలో మాత్రం, ఉత్త సెలైన్ సూది వేసినవాళ్ల కన్నా నొప్పి అదనంగా ఏమీ తగ్గలేదు, మృదులాస్థి మరింత పలచబడింది.

పట్నం పోయి లక్షలు పోసినా అన్నివేళలా దారి దొరుకుతుందని లేదు. అరిగిన మోకాలిలోకి గొట్టం పంపి కడిగే ఆపరేషన్‌ను హ్యూస్టన్‌లో 180 మంది మీద పరీక్షించి 2002లో ఫలితాలు వెల్లడించారు. కొందరికి చర్మం మీద కోత పెట్టి కుట్లు వేశారంతే, లోపల ఏమీ చేయలేదు. నిజంగా కడిగినవాళ్లకు వాళ్లకన్నా మేలేమీ కలగలేదు. పూర్తిగా అరిగిపోయి, రాత్రి నిద్రపట్టనివ్వని మోకాలికి కీలు మార్పిడి మంచి వైద్యమే. అమర్చిన పూర్తి కీళ్లలో పదింట ఎనిమిది పాతికేళ్లు నిలుస్తున్నాయని 2019లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ చెబుతోంది. అది చివరి మెట్టు. చాలామంది మొదటి మెట్టే ఎక్కకుండా అక్కడికి చేరుతున్నారు, బాధ అదీ.

మొదటి మెట్టుకు పైసా ఖర్చు లేదు. అరుగు మీదో కుర్చీలోనో కూర్చుని ఒక కాలిని నిటారుగా చాపి, తొడ బిగించి, పది అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించాలి. రెండు కాళ్లకూ పదేసి సార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అది అలవాటయ్యాక చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టాలి. చేతికర్రను చాలామంది నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకుంటారు, అది సరికాదు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అప్పుడే నొప్పి కాలి మీద పడే బరువును కర్ర పంచుకుంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. లావుగా ఉన్నవాళ్లు ఐదు కిలోలు తగ్గినా చాలు. అమెరికాలో జరిగిన ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో అంతమాత్రం తగ్గిన మహిళలకు మోకాలి అరుగుదల జబ్బు వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గింది. ఎక్స్‌రే తీయించాల్సి వస్తే నిలబెట్టి తియ్యమని అడగాలి, పడుకోబెట్టి తీస్తే కీళ్ల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగా తెలియదు. మోకాలు ఎర్రబడి, వేడిగా వాచి, జ్వరం కూడా ఉంటే ఇవేవీ చేయకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

ఇవన్నీ చేయించి చూపించాల్సింది ఫిజియోథెరపిస్టు. పల్లెల్లో ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడం అనుకుంటున్నారంటే, ఆ మనిషి ఇక్కడ ఎంత అరుదో తెలుస్తోంది. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల్లో సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే ఈ సేవలు ఉండాలని రాసి ఉంది. రాసినదాన్ని అమలు చెయ్యడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కల్వకుర్తి, దేవరకొండ లాంటి పట్టణాల సర్కారు దవాఖానాల్లో వారమంతా ఫిజియోథెరపిస్టు ఉండాలి. పల్లె దవాఖానాలకు వారానికో రోజు వెళ్లాలి. ఆశా కార్యకర్తలకు ఈ నాలుగు వ్యాయామాలూ నేర్పాలి. వ్యవసాయ శాఖ నిలబడి తోసే కలుపు యంత్రాలను ట్రాక్టర్లతో పాటు మహిళా సంఘాలకూ సబ్సిడీ మీద ఇవ్వాలి. ఫ్లోరైడ్ బాధితులకు పింఛనుతో పాటు కాళ్లకు సరిపడే పట్టీలు, ఊతకర్రలు, అవసరమైనవారికి ఉచితంగా శస్త్రచికిత్స అందాలి. వచ్చే బడ్జెట్‌లో ఈ పోస్టులకు డబ్బు కేటాయించాలని పాలమూరు, నల్లగొండ ఎమ్మెల్యేలు పార్టీలకతీతంగా అడగాలి.